విశ్వం పుట్టుకను బాంబు పేలుడులా నేర్పకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం తిరుపతిలో ఒక బడి సైన్సు ప్రదర్శనకు వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు బుడగలో థర్మోకోల్ పూసలు నింపి, సూదితో పొడిచి, ‘ఇదే సార్ మహా విస్ఫోటం’ అన్నాడు. ‘ఎక్కడ జరిగింది నాయనా?’ అంటే ‘ఆకాశం మధ్యలో’ అన్నాడు. వాడిది తప్పనను. పుస్తకాల్లో, పత్రికల్లో, మీ పత్రికలో కూడా, ఎప్పుడూ ‘విస్ఫోటం’ అనే రాస్తుంటే పిల్లలకు బాంబు కాక ఇంకేం తోస్తుంది?

విశ్వం పుట్టుక సిద్ధాంతానికి ఇంగ్లీషులో ‘బిగ్ బ్యాంగ్’ అన్న పేరు పెట్టింది దాన్ని ఒప్పుకోని బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, 1949లో, ఒక రేడియో ప్రసంగంలో. నిజానికి పేలిందేమీ లేదు, విశ్వమే సాగింది. వాకిట్లో అంచులేని చుక్కల ముగ్గు వేశామనుకోండి. ఆ నేలే సాగుతుంటే ఏ చుక్క మీద నిలబడి చూసినా మిగతావన్నీ దూరం జరుగుతుంటాయి, దూరపువి మరింత వేగంగా. నడిమి చుక్క అంటూ ఉండదు. 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ గెలాక్సీల్లో, అంటే నక్షత్రాల మహా గుంపుల్లో, గమనించింది ఇదే. రెండేళ్ల ముందే దీన్ని లెక్కగట్టిన బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ ఒక చర్చి ఫాదరు. ఏడుకొండల కింద ఈ పాఠాలెందుకు అనేవాళ్లకు నేనీ మాటే చెబుతుంటాను.

‘ఉత్త సిద్ధాంతమేగా’ అనేవాళ్లూ ఉన్నారు. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల యాంటెన్నాలో ఒక రేడియో రొద పట్టుకుంది. ఎటు తిప్పినా తగ్గలేదు. పావురాల రెట్టల వల్లేమోనని శుభ్రంగా కడిగారు, అయినా పోలేదు. విశ్వానికి 3,80,000 ఏళ్ల వయసున్నప్పుడు బయల్దేరిన వెలుగది. విశ్వంతోపాటే సాగి రేడియో తరంగాలుగా మారి, చల్లారి, ఇప్పుడు మైనస్ 270 డిగ్రీలకు చేరింది. పాత టీవీల్లో చానెల్ రానప్పుడు కనబడే చుక్కల్లో కాస్త భాగం దానిదే. కల్యాణి డ్యామ్ నీళ్లలోని హైడ్రోజన్ కూడా విశ్వం పుట్టిన మొదటి నిమిషాల నాటిదే. ఇలా చెబితే ఏ పిల్లవాడు వినడు?

విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లంటే వాళ్లకు ఉత్త అంకె. తిరుమల ఘాట్ రోడ్డులో పై రాతికీ దాని కింది రాతికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉన్న చోటు ఉంది. బస్సు ఆపి అది చూపించి మొదలుపెట్టవచ్చు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, కళ్లతో చూసినదాన్ని పిల్లలు మరిచిపోరని నాకు తెలుసు.

గాదంకి వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ, ఐఐటీ, యూనివర్సిటీ అన్నీ మన చుట్టూనే ఉన్నాయి. అక్కడివాళ్లు నెలకో సాయంత్రం పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రభుత్వ హైస్కూళ్లకు వెళ్లి తెలుగులో మాట్లాడేలా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి. మీరు ఈసారి రాసేటప్పుడు ‘విశ్వ విస్తరణ’ అని రాయండి.

– విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, తిరుపతి