ప్రోగ్రెస్ కార్డులో ఆ గడి ఎందుకు లేదంటే

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన సమావేశంలో ఒక నాన్నగారు లేచి ఒక ప్రశ్న అడిగారు. "లెక్కలకు మార్కులు వేస్తున్నారు, క్రమశిక్షణకు గ్రేడ్ ఇస్తున్నారు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ చాలా ముఖ్యమని మీరే అంటారు కదా, మరి దానికీ ఓ గ్రేడ్ ఇవ్వొచ్చుగా?" చాలామంది తలలూపారు. టైమైపోయిందని నేను తప్పించుకున్నాను. నిజానికి ఆరోజు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. గ్రేడ్ ఇవ్వడం లేదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఓపిక పట్టండి.

ముందు 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' అనే ఆ మాట సంగతి. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో దీనికి ఓ రూపం ఇచ్చారు. తర్వాత వాళ్లే దాన్ని నాలుగు పనులుగా విడదీసి చూపించారు. మనలోనూ, ఎదుటివాళ్ల ముఖంలోనూ గొంతులోనూ ఉన్న భావాన్ని కనిపెట్టడం, దాన్ని ఆలోచనకు వాడుకోవడం, అది ఎక్కడ పుట్టిందో ఎటు మళ్లుతుందో తెలుసుకోవడం, దాన్ని సంబాళించుకోవడం. ఈ నాలుగింట్లో 'దిగమింగుకోవడం' అన్నది లేదు. మనం మాత్రం పిల్లల్ని ఎక్కువగా మెచ్చుకునేది దానికే.

1995లో డేనియల్ గోల్‌మన్ అనే అమెరికన్ రచయిత ఇదే పేరుతో రాసిన పుస్తకం వచ్చాక ఈ మాట అందరి నోళ్లలో పడింది, దాంతోపాటు ఒక అపార్థం కూడా. జీవితంలో పైకి రావడంలో ఐక్యూ, అంటే పరీక్షతో కొలిచే తెలివితేటల వాటా మహా అయితే 20 శాతం అని ఆయన రాశారు. మిగతా 80 శాతం ఈక్యూదే, అంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌దే అని జనం చదువుకున్నారు. ఆ మిగతాలో పుట్టిన ఇల్లు, చేతిలో డబ్బు, ఆరోగ్యం, అదృష్టం అన్నీ ఉన్నాయి. నా ఉద్దేశం అది కాదని ఆయనే తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా ఆ 80 ఇంకా ప్రకటనల్లో తిరుగుతూనే ఉంది. ఎవరైనా మీ పిల్లల ఈక్యూ పెంచుతామని ఆ అంకె చూపిస్తే, మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక గ్రేడ్ విషయం. నేను కొత్తగా టీచరైన రోజుల్లో నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ఏడ్చేది కాదు, ఎవరి మీదా చాడీలు చెప్పేది కాదు, పెన్సిలు ఎవరు లాక్కున్నా ఇచ్చేసేది. ప్రవర్తన గడిలో ఆమెకు నేను పెట్టింది అత్యుత్తమ గ్రేడ్. పక్కన 'చాలా బుద్ధిమంతురాలు' అని కూడా రాశాను. సోమవారం వస్తే చాలు, ఆ పిల్లకి కడుపునొప్పి. డాక్టరు చూశారు, ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టడానికి వేషాలేమో అని స్టాఫ్‌రూమ్‌లో అన్నది కూడా నేనే. స్నేహితురాళ్లు ఆమెని నెలల తరబడి ఆటల్లోకి రానివ్వడం లేదని సంవత్సరం చివర్లో గానీ తెలియలేదు. నొప్పి అబద్ధం కాదు. పిల్లల్లో దిగులు తరచుగా కడుపునొప్పిగా, తలనొప్పిగా బయటపడుతుంది. తన దిగులు చెప్పుకోవడానికి ఆ పిల్లకి తెలిసిన ఒకే ఒక్క మాట కడుపునొప్పి. నేనేమో ఆమె మౌనానికి మార్కులు వేశాను.

ఇదేదో నా ఒక్కదాని పొరపాటు అనుకునేదాన్ని. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన గురించి చదివాక ఆ మాట అనలేకపోయాను. కలిసికట్టుగా పనిచేసే నర్సింగ్ బృందాల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆవిడ అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, తప్పు జరిగితే భయపడకుండా చెబుతున్నారని తర్వాత అర్థమైంది. భయం ఉన్న చోట తప్పులు దాక్కుంటాయి, రోగి ఒంట్లో బయటపడతాయి. ఆ కాగితం మీది అంకెలే చూసి ఎవరైనా గ్రేడ్లు ఇచ్చి ఉంటే, అందరికంటే ప్రమాదకరమైన వార్డుకి మొదటి ర్యాంకు వచ్చేది! 1999లో ఎడ్మండ్‌సన్ ఒక తయారీ కంపెనీలోని బృందాల మీద రాసిన వ్యాసానికి బీజం ఇక్కడే పడింది. నలుగురిలో 'నాకు అర్థం కాలేదు', 'నాదే తప్పు' అనగలిగే ధైర్యాన్ని ఇప్పుడు కంపెనీలు శిక్షణలు పెట్టి మరీ నేర్పిస్తున్నాయి. అది నేర్పాల్సిన వయసు ఏడో తరగతి అని నా అభిప్రాయం.

భావాలకు గ్రేడ్ పెట్టామంటే పిల్లలు మొదట నేర్చుకునేది, గ్రేడ్ తెచ్చే భావాన్ని ముఖం మీద పెట్టుకోవడం. అందులో మన పిల్లలు మహా చురుకు. పైగా ఆ గ్రేడ్ ఎవరిది? ఒక మిఠాయి ముందు పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామని చిన్నపిల్లల ఓపికను కొలిచిన పాత ప్రయోగం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారని చెప్పేవారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి తగ్గింది, ఇంటి పరిస్థితులు, పిల్లల తొలి తెలివితేటలు లెక్కలోకి తీసుకున్నాక మరీ పలచబడింది. పిల్లవాడి ఓపిక అనుకుని మనం కొలిచేది కొంతవరకు వాడి ఇంటిని.

కొలవలేం కదా అని నేర్పడం మానేయాలా అంటే, కాదు. 2011లో జోసెఫ్ డర్లాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు బడుల్లో నడిచిన 213 కార్యక్రమాలను, సుమారు 2,70,000 మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూశారు. భావాలను, స్నేహాలను సంబాళించుకోవడం పద్ధతిగా నేర్పిన చోట చదువు కూడా మెరుగైంది. వందమంది వరసలో సరిగ్గా మధ్యనున్న పిల్లవాడు దాదాపు 11 మందిని దాటి ముందుకొచ్చినంత. పిల్లలతో భావాల గురించి మాట్లాడించడానికి మన బడిలో ఉదయం పది నిమిషాలు వృథా అవుతున్నాయని ఫోన్ చేసిన అమ్మగారికి నేను చెప్పగలిగింది ఇదే.

ఆ పది నిమిషాల్లో ఏం చేస్తామంటే, ఈరోజు ఎలా ఉన్నావో ఒక్క మాటలో చెప్పమంటాం. ఇష్టం లేకపోతే 'పాస్' అనొచ్చు. టీచరూ చెప్పాలి. మొదట్లో అందరూ 'బాగున్నాను', 'బోర్' అనేవాళ్లు. ఆ రెండింటినీ వారంపాటు నిషేధించాం. అప్పుడు బయటికొచ్చాయి చూడండి మాటలు! అలక, ఉక్రోషం, బెంగ, గుబులు, చిరాకు, రోషం, మొహమాటం, కంగారు. మన భాషకి ఈ విషయంలో లోటు లేదు, మనమే అన్నిటినీ 'మూడ్ బాలేదు'లో కలిపేశాం. ఉక్రోషం, కోపం ఒకటి కాదు. ఉక్రోషంలో చేతకానితనం కూడా ఉంటుంది, అందుకే అందులో కన్నీళ్లొస్తాయి. కోపంగా ఉన్నవాడిని కాసేపు వదిలేయాలి, ఉక్రోషంతో ఉన్నవాడికి సాయం చేయాలి. మాట తెలియకపోతే ఈ రెండో సంగతి తట్టదు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లలో చూసింది కూడా ఈ దారిలోనిదే. ముఖాల ఫొటోల్లో కనిపించే భావానికి సరైన పేరు పెట్టినప్పుడు, భయానికి ఉలిక్కిపడే అమిగ్డాలా అనే భాగంలో అలజడి తగ్గింది.

ఒక హద్దు మాత్రం ఉంది. కోపం వచ్చిందని చెప్పొచ్చు, కొట్టకూడదు. ఈ నెల దీని మీద రెండు పంచాయితీలు అయ్యాయి, వివరాలు వద్దులెండి.

మీనుంచి నేను కోరేది ఒకటే. బిడ్డ ముఖం ముడుచుకుని వచ్చినప్పుడు 'ఎందుకు' అని వెంటనే అడగకండి, దానికి జవాబు వాళ్లకే తెలియదు. రెండు మాటలు అందించండి. "దిగులుగా ఉందా, చిన్నబుచ్చుకున్నావా?" అంటే చాలు, తప్పయితే వాళ్లే దిద్దుతారు. ఆఫీసు చిరాకు ఇంటికి తెచ్చిన రోజు "చిరాకుగా ఉన్నాను, నీ మీద కాదు" అని మీరూ అనండి. ఎదుటివాళ్లతో కాస్త సమయం గడిపి వినడం ఎంత విలువైందో వైద్యంలోనూ చూశారు. 1997లో వెండీ లెవిన్సన్ బృందం అమెరికాలో జరిపిన అధ్యయనంలో, రోగుల నుంచి దావాలు ఎదుర్కోని జనరల్ డాక్టర్లు ఒక్కో రోగితో సగటున 3 నిమిషాలు ఎక్కువ గడిపారు, ఎక్కువ నవ్వారు, అర్థమైందా అని ఎక్కువసార్లు అడిగారు. సర్జన్లలో ఆ తేడా కనపడలేదనుకోండి. ఇంట్లో మనం జనరల్ డాక్టర్లమే.

దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర, తిండి, ఆటల మీద ఆసక్తి తగ్గినా మాటలతో సరిపెట్టకండి. క్లాస్ టీచర్‌కి చెప్పండి, కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి.

ఈసారి ప్రోగ్రెస్ కార్డులో గ్రేడ్ గడికి బదులు రెండు గీతలుంటాయి. ఒకదాని మీద క్లాస్ టీచర్ తను గమనించిన ఒక సంఘటన రాస్తారు. రెండోది మీకు, ఇంట్లో మీరు చూసినది రాసి సంతకం పెట్టి పంపండి. 'బుద్ధిమంతుడు', 'అల్లరివాడు' అని మాత్రం రాయకండి, కార్డు వెనక్కి పంపిస్తాను. ప్రశ్న అడిగిన నాన్నగారికి వచ్చే సమావేశంలో మొదటి పది నిమిషాలు కేటాయించాను. నా జవాబు నచ్చకపోతే లేచి అనండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు