కూన బొమ్మ ఉన్న సంచిలో కూనకు సరిపడే ఆహారం లేదు

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం బాధ్యులకు,

విషయం: మీ పిల్లుల ఆహారం సంచిపై తప్పుదోవ పట్టించే బొమ్మ, కూనలను ఆకలితో ఉంచే మోతాదు పట్టిక

ఆర్యా,

మీ సంస్థ తయారు చేసే పిల్లుల పొడి ఆహారం మూడు కిలోల సంచి కొన్నాను. సంచి ముందువైపు నిండా ఒక పిల్లికూన బొమ్మ ఉంది. దాని కింద ‘ఎదిగే కూనలకూ ఇష్టమైన ఆహారం’ అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆ బొమ్మనూ, ఆ మాటనూ నమ్మి మూడు వారాలు మా కూనకు అదే పెట్టాను. ఆ మూడు వారాలూ అది అర్ధాకలితో గడిపిందని తర్వాత గాని నాకు తెలియలేదు.

మా కూన పేరు గవ్వ. మా ఇంటికి వచ్చేనాటికి దానికి సుమారు ఎనిమిది వారాలు, బరువు 810 గ్రాములు. ప్రతి ఆదివారం వంటింటి త్రాసు మీద ఒక వెడల్పాటి గిన్నె పెట్టి, గవ్వను అందులో కూర్చోబెట్టి తూచి, ఆ అంకెను క్యాలెండర్ మీద రాసుకుంటున్నాను. ఈ వయసు కూన వారానికి దాదాపు 100 గ్రాములు పెరగాలని పశువైద్యురాలు చెప్పారు. మొదటి నాలుగు వారాలూ కూనల ఆహారం చిన్న ప్యాకెట్లు కొని పెట్టాను. పన్నెండో వారానికి 1,210 గ్రాములకు వచ్చింది. కానీ చిన్న ప్యాకెట్ల ఖర్చు నా నెల ఆదాయానికి మించిన భారమైంది. పెద్ద సంచి కొంటే కిలోకు పడే ధర తగ్గుతుందని లెక్క వేసుకుని మీ సంచి ఎంచుకున్నాను.

ఆ తర్వాత మూడు ఆదివారాలు నేను రాసుకున్న అంకెలు ఇవి: 1,270, 1,310, 1,330. పెరుగుదల 60 గ్రాములు, తర్వాత 40, తర్వాత 20. గిన్నె ఖాళీ అయ్యాక కూడా గవ్వ దాన్ని నాకుతూనే ఉండేది. నేను వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా కాళ్లకు అడ్డం పడి అరిచేది. కూనలంటే ఇంతే, ఎంత పెట్టినా అడుగుతాయి, సంచి మీద ఇచ్చిన కొలత దాటకూడదు అనుకున్నాను. నోరులేని ప్రాణి తన ఆకలిని తనకు చేతనైన విధంగా చెబుతూనే ఉంది. నేను మాత్రం మీ పట్టికను నమ్మాను.

పశువైద్యురాలి దగ్గరకు తీసుకెళ్తే మలపరీక్ష చేశారు, పురుగులు లేవు. జ్వరం లేదు. ‘ఏం పెడుతున్నారు, ఎంత పెడుతున్నారు?’ అని అడిగారు. మర్నాడు సంచి తీసుకెళ్లి చూపించాను. ఆమె ముందువైపు చూడనే లేదు. సంచిని తిరగేసి, అడుగున కుట్టు పక్కన చీమతలంత అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు: ‘పెద్ద పిల్లుల నిత్య పోషణకు సరిపడే సమతుల ఆహారం.’ కూన బొమ్మ సంచంత, అసలు సంగతి ఆవగింజంత!

పెద్ద పిల్లికీ, పెరిగే కూనకూ కావలసిన పోషకాలు ఒకటి కావని మీకు నేను చెప్పనవసరం లేదు. అయినా చెబుతున్నాను. మీరు సంచి మీద ఉటంకించిన ఆఫ్కో, అంటే అమెరికాలోని దాణా నియంత్రణ అధికారుల సంఘం, పెట్టిన ప్రమాణాల ప్రకారం నీరు తీసేసి లెక్కిస్తే పెద్ద పిల్లి ఆహారంలో మాంసకృత్తులు కనీసం 26 శాతం ఉండాలి, కూన ఆహారంలో 30 శాతం. కాల్షియం పెద్ద పిల్లికి 0.6 శాతం చాలు, కూనకు 1 శాతం కావాలి. భాస్వరం 0.5 శాతానికి బదులు 0.8 శాతం. మీ సంచి మీద మాంసకృత్తులు 24 శాతం, తేమ 10 శాతం అని ఉంది. తేమను తీసేసి 24ను 90తో భాగిస్తే 26.7 శాతం వస్తుంది. పెద్ద పిల్లి గీతను బొటాబొటిగా దాటారు. కూన గీతకు చాలా కింద ఉన్నారు. ఇది ఎవరి ఆహారమో మీకు తెలుసు. తెలిసే వెనుకవైపు సరిగ్గా రాశారు, తెలిసే ముందువైపు కూన బొమ్మ వేశారు.

మోతాదు పట్టిక ఇంకా ఘోరం. ‘1 నుంచి 2 కిలోల పిల్లికి రోజుకు 35 గ్రాములు’ అని ఉంది. వయసు ప్రస్తావనే లేదు. నూరు గ్రాములకు ఎన్ని కిలోకేలరీలో కూడా రాయలేదు. అందుకని నేనే లెక్క కట్టాను. గ్రాము మాంసకృత్తులకు 3.5, పిండిపదార్థానికి 3.5, కొవ్వుకు 8.5 కిలోకేలరీల చొప్పున, మీరు ఇచ్చిన శాతాలతో, మీ ఆహారం నూరు గ్రాములకు సుమారు 318 కిలోకేలరీలు వస్తుంది. అంటే 35 గ్రాములకు 111. మా గవ్వలాంటి 1.2 కిలోల కూనకు రోజుకు దాదాపు 200 కావాలని పశువైద్యురాలు లెక్క వేసి చూపించారు. కిలో బరువుకు చూస్తే ఎదిగే కూనకు పెద్ద పిల్లి కంటే రెండు మూడు రెట్ల శక్తి కావాలట. మీ పట్టికను తు.చ. తప్పకుండా పాటించడం వల్ల మా కూనకు అందింది సగానికి కాస్త ఎక్కువ, అంతే.

ఇంకో మాట. తెరిచిన సంచిని ఆరు వారాల్లో వాడేయాలని మీరే రాశారు. మీ పట్టిక ప్రకారం పెడితే ఒక కూనకు మూడు కిలోలు 85 రోజులు వస్తాయి. ఈ రెండు వాక్యాలూ రాసినవారు ఒకరి రాత ఒకరు చదివినట్టు లేదు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ‘మా ఖరీదైన కూనల రకం కొనండి, ఫలితం మీకే తెలుస్తుంది’ అన్నారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ జవాబే. డబ్బు చూసుకుని కొనేవారికే సంచి మీది రాత అందరికన్నా ఎక్కువ అవసరం. తప్పు సంచి కొంటే మర్నాడే ఇంకోటి కొనే స్తోమత మాకు ఉండదు. సంచి మీద నమ్మకం పోయినప్పుడు కొందరు ఇంట్లో ఉన్నదేదో పెడతారు. పాలు పోస్తే చాలా కూనలకు అరగక విరేచనాలు పడతాయి. ఉత్త మాంసం పెడితే కాల్షియం అందక ఎముకలు మెత్తబడతాయి. చవక అని కుక్కల ఆహారం పెడితే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం అందక కాలక్రమంలో కళ్లూ గుండే దెబ్బతింటాయి. టారిన్ లోపానికీ పిల్లుల గుండె జబ్బుకూ ఉన్న సంబంధం 1987లోనే తేలింది. నేనూ ఒక రోజు కూన ఆకలి చూడలేక పాలు కలపబోయి, ఆగిపోయాను.

తక్కువ ఖర్చులో మంచి ఆహారం దొరకదని మాత్రం మీరు చెప్పవద్దు. ‘అన్ని వయసుల పిల్లులకు’ అని రాసిన ఆహారం కూన ప్రమాణాన్ని అందుకొని తీరాలి. అలాంటి సాదా రకం ఒకటి పశువైద్యురాలు సూచించారు. కిలోకు మీ సంచి కంటే కాస్తే ఎక్కువ పడింది. వారం రోజుల్లో కొంచెం కొంచెంగా దానికి మార్చి, రోజుకు 60 గ్రాములు నాలుగు పూటలుగా పెడుతున్నాను. తర్వాతి రెండు ఆదివారాలు 1,450, 1,570. గిన్నె నాకడం ఆగిపోయింది. తిన్నాక కిటికీ పక్కన పడుకుని నిద్రపోతోంది.

గవ్వకు జబ్బు చేసిందని నేను అనడం లేదు, సమయానికి బయటపడింది. కానీ ఇంట్లో త్రాసు లేనివారి కూనల సంగతి ఏమిటి? అందుకని ఈ సంచి మీద కూన బొమ్మనూ, ‘ఎదిగే కూనలకూ’ అన్న మాటనూ వెంటనే తీసేయండి. ఏ వయసు పిల్లికి తయారు చేశారో ముందువైపే చదవగలిగే అక్షరాల్లో రాయండి. నూరు గ్రాములకు ఎన్ని కిలోకేలరీలో ముద్రించి, పట్టికను వయసు ప్రకారం సరిచేయండి. ఇప్పటికే దుకాణాల్లో ఉన్న సంచుల మీద ‘కూనలకు కాదు’ అని చీటీ అంటించండి. నా దగ్గర మిగిలిన రెండుంపావు కిలోల సంచిని వెనక్కి తీసుకుని, మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వండి.

సంచి రెండు వైపులా తీసిన ఫోటోలు, బరువులు రాసిన క్యాలెండర్ పేజీ, మలపరీక్ష నివేదిక, కొనుగోలు రసీదు జత చేస్తున్నాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల హక్కుల అధికారులను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు