108 సిబ్బందిని తొందరపెట్టొద్దు

సంపాదకుడు గారికి,

ప్రమాదం జరిగిన చోట 108 సిబ్బంది ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూస్తే చాలు, "చూస్తూ నిలబడతారేంటి, దిగండి" అని జనం మీద పడిపోతారు. బండిలో ఉండేది ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్, పైలట్ (డ్రైవరు) ఇద్దరే. వాళ్లకే ఏదైనా అయితే రోగిని చూసే దిక్కుండదు.

హైవే సంగతే తీసుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 28 మీటర్లు దూసుకొస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేలోపే 40 మీటర్లు దాటిపోతాయి. అందుకే ముందుగా చేరింది అంబులెన్సే అయితే, ట్రాఫిక్ వచ్చే వైపున ఏటవాలుగా అడ్డం పెట్టి, ముందు చక్రాలు క్షతగాత్రులు లేని పక్కకు తిప్పి ఉంచాలి. వెనక నుంచి ఏ బండి గుద్దినా అంబులెన్సు వాళ్ల మీదికి దూసుకెళ్లదు. పెట్రోలింగ్ వాహనం అప్పటికే అడ్డంగా ఉంటే మాత్రం అంబులెన్సు ప్రమాద స్థలం దాటి ముందుకెళ్లి ఆగాలి. స్ట్రెచర్ ఎక్కించేది వెనక తలుపు నుంచి కదా, అక్కడ నిలబడేవాళ్లకు రక్షణ కావాలి. కోన్లు బండి పక్కనే పెట్టి లాభం లేదు. వంద మీటర్ల వెనక నుంచీ ఉండాలి, మలుపు ఉంటే మలుపుకు అవతలి నుంచే.

తెగిపడిన కరెంటు తీగ మరీ ప్రమాదం. నిప్పురవ్వలు లేవని కరెంటు లేదనుకోకూడదు, ట్రిప్పయిన ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మళ్లీ ఛార్జ్ కావచ్చు. తీగ ముట్టుకోకపోయినా దాని చుట్టూ నేలలో కరెంటు పారుతుంది, అడుగు వేస్తే ఒక కాలి నుంచి మరో కాలికి షాక్ కొడుతుంది. 11 కేవీ తీగను కర్రతో నెట్టమని సలహా ఇచ్చేవాళ్లు దయచేసి ఆ మాట మానాలి. పది మీటర్ల దూరంలో ఉండి కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించినట్టు ఖరారు) తీసుకున్నానని చెప్పేదాకా ఆగాల్సిందే.

సెప్టిక్ ట్యాంకులో ఒకరు పడితే కాపాడబోయి ఇంకొకరు పోవడం మనకు తెలిసిందే. మూతికి గుడ్డ కట్టుకున్నా, మాస్కు పెట్టుకున్నా లోపల లేని ఆక్సిజన్ రాదు. కుళ్లిన గుడ్ల వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువై ముక్కే మొద్దుబారి ఉండొచ్చు. దిగాల్సింది శ్వాస పరికరాలున్న అగ్నిమాపక సిబ్బంది, 101కి చెప్పాలి.

అధికారులకు ఒక విన్నపం. ఎంత త్వరగా చేరారన్న లెక్కతోనే పనితీరు కొలిస్తే, జాగ్రత్తపడి ఆగినవాడే తప్పు చేసినట్టవుతుంది. స్థలానికి చేరిన సమయం, రోగి దగ్గరికి చేరిన సమయం విడివిడిగా రాయించండి. మధ్యలో ఆగింది తీగ వల్లనా, గ్యాస్ వల్లనా, ట్రాఫిక్ వల్లనా అన్నదీ నమోదు చేయించండి. అలా ఆగినందుకు మెమో ఇవ్వబోమని రాతపూర్వకంగా చెప్పండి. ప్రతి బండిలో కోన్లు, ఇద్దరికీ రిఫ్లెక్టివ్ జాకెట్లు ఉన్నాయో లేదో షిఫ్టు మారేటప్పుడే చూడాలి.

ఫోన్ చేసేవాళ్లు హైవే మీద ఏ ఊరి వైపు వెళ్లే దారో, దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరెంతో, తీగలు తెగాయో, గ్యాస్ వాసన వస్తోందో కూడా చెబితే సిబ్బంది దారిలోనే సిద్ధమవుతారు.

– అత్యవసర వైద్య శిక్షకుడు, సూర్యాపేట