ఎస్‌టీఎస్ ప్రపోజల్ రాసే బరంపురం పిల్లలకు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆదివారం పొద్దున పదింటికి మా ఇంటికి రండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వైద్య విద్యార్థులకిచ్చే చిన్నకాల పరిశోధన స్కాలర్‌షిప్ ఎస్‌టీఎస్‌కు ప్రపోజల్ రాయాలనుకునే ఎంబీబీఎస్ వాళ్లందరూ. చేతిలో ఉండేది రెండు నెలలే, కాబట్టి ప్రశ్న చిన్నదిగా ఉండాలి. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటినే దెబ్బతీసే జబ్బు) ఎందుకొస్తుందో మనం ఆ రెండు నెలల్లో తేల్చలేం.

నా మనసులో ఉన్నది ఏఎన్ఏ టెస్టు, అంటే మన కణాల కేంద్రకాలకే ఎదురుతిరిగే యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూసే పరీక్ష. పాజిటివ్ అనగానే లూపస్ అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతున్నారు. 1:80 దగ్గర (రక్తపు సీరమ్‌ను 80 వంతులకు పలుచన చేసి చూసినప్పుడు) ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ వందకు సుమారు 13 మందికి పాజిటివ్ వచ్చినట్టు 1997లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మలేరియా వంటి ఇన్‌ఫెక్షన్లలో కూడా రావచ్చు. మలేరియా ఎక్కువగా ఉండే రాయగడ, కొరాపుట్ నుంచి వచ్చే రోగుల విషయంలో ఇది అసలు మరవకండి. యూరప్, అమెరికా కీళ్లవాత వైద్య సంఘాలు (ఈయూలార్, ఏసీఆర్) 2019లో ఇచ్చిన లూపస్ ప్రమాణాల్లో ఏఎన్ఏ మొదటి మెట్టు మాత్రమే. ఆపైన లక్షణాలకు, ఇతర పరీక్షలకు పాయింట్లు కలిపితే, లూపస్ లెక్కలోకి రావడానికి కనీసం 10 రావాలి.

ఇంకోవైపు మా పెద్దమ్మ. కీళ్ల నొప్పులకు ఒకరి దగ్గరికి, ముఖం మీద ఎర్రమచ్చలకు మరొకరి దగ్గరికి రెండేళ్లు తిరిగింది. రెండూ కలిపి అడిగినవాళ్లు లేరు. మూత్రంలో ప్రోటీన్ పోతోందని తెలిశాకే లూపస్ అన్నారు. అందుకే రోగితో మాట్లాడటం ముందు నేర్చుకుందాం.

సమ్మతి పత్రం సంగతి కూడా. మన దగ్గర చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఒడియా ఫారం మీద వేలిముద్ర వేయిస్తే సరిపోదు. వాళ్ల మాటల్లో చదివి వినిపించాలి, సాక్షి ఉండాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కేస్‌షీటూ తీయొద్దు.

వచ్చేవాళ్లు శనివారం రాత్రికల్లా చెప్పండి, అమ్మ ఇడ్లీలకు పిండి సిద్ధం చేయాలి.