అతిథి పాత్రకి ఎంజీ పెంచారు, తెలుగులో దాన్ని గంగలో కలిపారు

వీరికి: డబ్బింగ్, పంపిణీ విభాగాల అధికారులు
వీరి నుంచి: అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల థియేటర్ నిర్వాహకులు, ఆపరేటర్లు

విషయం: మీ సూపర్‌హీరో సినిమా తెలుగు వెర్షన్‌లో అతిథి పాత్రలు తేలిపోవడం గురించి

అయ్యా,

పాత సిరీస్ హీరో ఇందులో కనిపిస్తాడని చెప్పి ఈ సినిమాకి ఎంజీ (మినిమం గ్యారంటీ, అంటే సినిమా ఆడినా ఆడకపోయినా మేం ముందే కట్టే మొత్తం) పెంచారు. కట్టాం. ఆయన కనిపించాడు కూడా, అందులో పేచీ లేదు. వచ్చిన మనిషిని తెలుగు వెర్షన్‌లో మీరు ఏం చేశారన్నదే మా ఫిర్యాదు. మీవాళ్ళని నొప్పించకూడదని ఉదాహరణలన్నీ బయటి సినిమాల నుంచే తీసుకున్నాం.

ముందు ఆ ఎంట్రీ సీను చూడండి. పొగలోంచి నడిచొస్తాడు, ముసుగు తీస్తాడు. ఒరిజినల్లో ఆ తర్వాత రెండు సెకన్ల పైచిలుకు మాటల్లేవు, ఒట్టి నేపథ్య సంగీతమే. తెలుగు ట్రాక్‌లో ఆ ఖాళీలో తెర మీద లేని ఎవరిదో గొంతుతో "వచ్చేశాడ్రా మొనగాడు" అనిపించారు. జనం వెయ్యాల్సిన విజిల్ మీరే వేసేశారు. ఆ వెనకే విలన్ యంత్రాన్ని ఆపే మీట ఎక్కడుందో చెప్పే డైలాగ్ వస్తుంది. క్లైమాక్స్ అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. జనం విజిల్స్ దాని మీదే పడి, హాల్లో అది ఎవరికీ వినపడదు.

ఎందుకు వినపడదో కూడా చెబుతాం. డైలాగ్ తెర వెనక మధ్య స్పీకర్లోంచి వస్తుంది. మాటలో హల్లులు తేటగా వినపడాలంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య భాగం శుభ్రంగా ఉండాలి. విజిల్ కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే పడుతుంది. ఆపరేటర్ సౌండు పెంచే ఫేడర్ని 5 నుంచి 7కి లేపాడే అనుకోండి, మాట అయిపోయి పేలుడు వచ్చేస్తుంది, ముందు వరుసల్లో పిల్లలు చెవులు మూసుకుంటారు. ఇది ప్రొజెక్షన్ రూములో సరిదిద్దే తప్పు కాదు. మిక్సింగ్ టేబుల్ దగ్గరే చూసుకోవాలి.

మన మాస్ సినిమా ఎడిటర్‌కి ఇది వెన్నతో పెట్టిన విద్య. హీరో ఎంట్రీ అవగానే స్లోమోషన్, రెండు కోణాల్లో అదే నడక, గాల్లో ఎగిరే జీపు. గోల తగ్గాకే కథకి కావాల్సిన మాట చెప్పిస్తాడు. హాలీవుడ్‌లో దీన్ని చక్కగా పట్టుకున్న సినిమా 2021 డిసెంబరులో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్'. పాత స్పైడర్‌మ్యాన్ ఆండ్రూ గార్‌ఫీల్డ్ ముసుగు తీశాక అక్కడ పెద్ద రహస్యాలేం మాట్లాడుకోరు. హీరో స్నేహితుడు నెడ్ వాళ్ళ బామ్మ పైకప్పు మూల సాలెగూడు ఉంది, దులపమంటుంది. ఆ మాట విజిల్స్‌లో కొట్టుకుపోయినా కథకి వచ్చిన నష్టం లేదు, వినపడితే నవ్వొస్తుంది. అదీ పనితనమంటే.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. తన ప్రియురాలు గ్వెన్‌ని కాపాడుకోలేకపోయానని గార్‌ఫీల్డ్ పాత్ర ఈ సినిమాలోనే నోరు విప్పి చెబుతుంది. కాబట్టి కింద పడుతున్న హీరోయిన్ ఎంజేని అతను పట్టుకున్నప్పుడు, గ్వెన్ చనిపోయే 2014 నాటి సినిమా చూడనివాడికి కూడా ఆ కన్నీళ్ళు అర్థమవుతాయి. పాతది చూసినవాడికి రెట్టింపు. అతిథి పాత్రకి మా కొలబద్ద ఇదే: మొహం గుర్తుపట్టని మనిషికి కూడా ఆ సీను సీనుగా నిలబడాలి. ముగ్గురు స్పైడర్‌మ్యాన్లు ఒకే తెర మీద ఏంటని ఇక్కడెవరూ తికమకపడలేదు లెండి. ఒకే పద్యనాటకంలో ముగ్గురు కృష్ణులు వంతులవారీగా దిగితే, ఒక్కొక్కరికీ వన్స్‌మోర్ కొట్టిన ఊళ్ళు ఇవి. వేషం ఎవరు కట్టినా రాయబారం మాత్రం నడవాలి.

'బ్రహ్మాస్త్ర'లో షారుఖ్ ఖాన్ వచ్చేది కాసేపే. కానీ ఆయన పాత్ర దగ్గరే కథ రాజుకుంటుంది, ఆ భాగం తీసేస్తే తర్వాతిది నడవదు. 'కల్కి 2898 ఏడీ'లో విజయ్ దేవరకొండ అర్జునుడు. నటుణ్ణి ఎరగనివాడు ఉంటాడేమో గానీ అర్జునుణ్ణి ఎరగనివాడు గోదావరి ఇటు ఒడ్డునా లేడు, అటు ఒడ్డునా లేడు. దానికి ముందు భాగాలు చూసి రానక్కర్లేదు.

ఇక బెడిసికొట్టినవి. 2022లో 'డాక్టర్ స్ట్రేంజ్' రెండో సినిమాలో ఇల్యుమినాటి పేరుతో ఒక పెద్ద బృందాన్ని కూర్చోబెట్టి, పేర్లు చెప్పించి, నిమిషాల్లో అందులో విలన్ అయిన వాండా చేత చంపించేశారు. తెలిసినవాడికి ఉసూరుమంటుంది. తెలియనివాడికి ఎవరో అపరిచితులు పోయారు, అంతే. 2023 'ది ఫ్లాష్'లో ఎప్పుడో చనిపోయిన నటుల మొహాల్ని కంప్యూటర్లో తయారుచేసి వరసగా చూపించారు. ఆ కాసేపూ కథ గడియారం ఆగిపోయింది. 2022 అక్టోబరులో 'బ్లాక్ ఆడమ్' చివర హెన్రీ కావిల్ సూపర్‌మ్యాన్‌గా వచ్చాడు. డిసెంబరుకల్లా తను ఇక ఆ పాత్రలో రావట్లేదని ఆయనే ప్రకటించాడు. అరువు మీద ఇచ్చిన విజిల్ అది, తిరిగి రాలేదు.

మీ సినిమా ఈ రెండు జాతుల్లో దేనిదంటే, ఒరిజినల్లో మొదటిదే. డబ్బింగులో రెండోదయింది. కారణాలు రెండు.

ఒకటి, గొంతు. తెలుగులో ఆ హీరోకి పాత భాగాల్లో ఒకరు డబ్బింగ్ చెప్పారు. ఈసారి వేరే ఆర్టిస్టుని పెట్టారు. డబ్బింగ్ సినిమా చూసే ప్రేక్షకుడు మొహంతో పాటు గొంతునీ గుర్తుపెట్టుకుంటాడు. ముసుగు తియ్యకముందే, చీకట్లో ఒక్క మాటతో గుర్తుపట్టాల్సిన చోట పరాయి గొంతు వినపడేసరికి హాలు గమ్మున ఉండిపోయింది.

రెండోది, ఊతపదం. ఒరిజినల్లో అతను తన పాత వాక్యాన్నే మళ్ళీ అంటాడు, సీను కిటుకంతా అదే. మీ మాటల రచయిత పాత తెలుగు ట్రాక్ విన్నట్టు లేదు. ఆ వాక్యాన్ని కొత్తగా, అదీ ప్రాసతో రాశారు. అర్థం సరిపోయింది, జ్ఞాపకం తెగిపోయింది. స్క్రిప్టుతో పాటు పాత భాగాల తెలుగు డైలాగ్ షీటు రచయితకి అందిస్తే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.

క్రెడిట్స్ తర్వాతి సీన్ల సంగతి క్లుప్తంగా చెబుతాం. డీసీపీ (మాకొచ్చే డిజిటల్ ప్రింటు) ప్లేలిస్టులో ఎండ్ క్రెడిట్స్ మొదలయ్యే మార్కర్ దగ్గరే మా హాళ్ళలో లైట్ల క్యూ, అంటే లైట్లు వెలిగించే ఆదేశం ఉంటుంది. లైట్లు వెలిగితే సెకండ్ షో జనం అంతర్వేది రోడ్డు ఆటోల కోసం పరిగెడతారు. సీన్లు ఎన్ని, క్రెడిట్స్ మొదలయ్యాక ఎన్ని నిమిషాలకి అన్న చీటీ కేడీఎంతో (ప్రింటు తెరిచే డిజిటల్ తాళంచెవితో) పాటు పంపితే క్యూ మార్చుకుంటాం. ఈసారి అది రాలేదు. పెద్ద తలకాయని దాచిపెట్టిన సీనేమో ఊడుస్తున్న కుర్రాళ్ళు చూశారు.

ఇంటర్వెల్ కూడా అతిథి నోరు తెరవబోతుంటే కొట్టారు. అతను వచ్చి, గోల అయి, ఒక మాట అన్నాక కొట్టుంటే క్యాంటీన్ దగ్గర అదే మాట తిరిగేది.

పోస్టర్ మాట చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తవదు. 'నో వే హోమ్' ట్రైలర్లో పాత స్పైడర్‌మ్యాన్లు ఇద్దర్నీ చూపలేదు. మీరు ఆయన మొహాన్ని హీరో కంటే పెద్దది చేసి ఫ్లెక్సీలకి పంపారు. ఆశ్చర్యం గోడ మీదే అయిపోయింది. మొహం కోసం వచ్చేవాడు శుక్రవారం వస్తాడు. మంగళవారం మ్యాట్నీకి వచ్చేవాడు పక్కింటివాళ్ళు కథ బాగుందంటేనే వస్తాడు.

కాబట్టి మేం కోరేది ఇది. పాత గొంతునే వాడాలి. అది కుదరకపోతే బుకింగ్‌కి ముందే మాకు చెప్పాలి. ఎంట్రీ తర్వాత ఒరిజినల్లో ఉన్న ఖాళీని ముట్టుకోకూడదు. దాని వెనకే కథకి కీలకమైన మాట ఉంటే, పెదాలు కనపడని తర్వాతి షాట్లో ఆ సంగతి ఇంకోసారి అనిపించాలి. ఆ వెసులుబాటు డబ్బింగులోనే ఉంది, ఒరిజినల్ వాళ్ళకి లేదు. చీటీ కేడీఎంతో రావాలి. అతిథి పాత్ర పేరు చెప్పి పెంచిన ఎంజీ తేడాని తర్వాతి సినిమా లెక్కలో సర్దాలి.

రెండో భాగానికి ఒప్పంద పత్రాలు వచ్చే నెల పంపుతామన్నారు. పై సంగతులు అందులో రాసుంటేనే సంతకాలు పెడతాం.

ఇట్లు,
థియేటర్ నిర్వాహకులు, ఆపరేటర్లు