వడకర గురుక్కళ్ గారికి నా కృతజ్ఞతలు

రెండు రోజులు విశ్రాంతి తీసుకుని తీరిగ్గా రాయమని ఇంట్లో అంటున్నారు. కానీ ఇప్పుడు రాయకపోతే మళ్లీ స్కూలు పనుల్లో పడిపోయి రాయలేను. రైల్లో నిద్ర లేదు, ఒళ్లంతా నొప్పులు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా చెప్పలేకపోతే మన్నించండి.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా ఆడపిల్లలకు సరైన ఆత్మరక్షణ విద్య నేర్పాలన్నది ఎప్పటినుంచో నా కోరిక. అందుకే కేరళలో వడకర దగ్గరి ఒక కలరికి వెళ్లి, అక్కడి పాతకాలపు యుద్ధవిద్య కలరిపయట్టులో మొదటి పాఠాలు నేర్చుకుని వచ్చాను. కలరి అంటే ఆ విద్య నేర్పే చోటు. వడకరే ఎందుకంటే, మీనాక్షి అమ్మ గారిది ఆ ఊరు. డెబ్బై దాటిన వయసులో చీర కట్టుకుని కత్తి, డాలు పట్టి పిల్లలకు నేర్పుతున్న ఆవిడకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ ఫొటో చాలాకాలంగా నా ఫోన్లో ఉంది. నేను వెళ్లింది ఆవిడ కలరికి కాదు, ఆ చుట్టుపక్కల పల్లెలో ఉన్న ఒక చిన్న కలరికి. అక్కడ గురువుగారిని గురుక్కళ్ అంటారు. తన పేరు, ఊరు రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

ఆ కలరి గురించి కొంచెం చెప్పాలి. నేల మట్టానికి కిందకు తవ్విన గుంటలో ఉంటుంది. 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు, పైన తాటాకు కప్పు, తూర్పున గుమ్మం. మెట్లు దిగి కుడికాలు ముందు పెట్టి, నేలను తాకి కళ్లకద్దుకుని లోపలికి వెళ్లాలి. నైరుతి మూలన ఏడు మెట్ల పూజా పీఠం ఉంటుంది, దాన్ని పూత్తర అంటారు, రోజూ దానికి దీపం, పూలు పెడతారు. బయట హోరున వాన కురుస్తున్నా లోపల ఎర్రమట్టి నేల పొడిగా, చల్లగా ఉంటుంది. నేను పనిచేసే స్కూల్లో గ్రౌండుకు గోడ కూడా లేదు. అందుకేనేమో మొదటి రోజు అక్కడ నిలబడి చాలాసేపు చుట్టూ చూస్తూ ఉండిపోయాను.

అక్కడ మొదట నేర్పేది మెయ్‌తారి, అంటే ఒంటిని సిద్ధం చేసే పాఠాలు. కర్ర, కత్తి, వట్టి చేతులతో పోరాటం అన్నీ ఆ తర్వాతే. నన్ను ఏడెనిమిదేళ్ల పిల్లల బ్యాచ్‌లో నిలబెట్టారు. చేయి పైకెత్తి కాలు ఆ చేతికి తగిలేలా ఎత్తాలి. పిల్లలకు సునాయాసంగా తగులుతోంది. నా కాలు నడుము దాటడం లేదు, సిగ్గుతో చచ్చిపోతున్నాను. అప్పుడు గురుక్కళ్ గారు పంచె బిగించి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయనకు డెబ్బై పైనే ఉంటాయి. ఒక్క మాట అనలేదు. నాతోపాటు ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు కాళ్లెత్తుతూ నడిచారు. ఆయన నడుస్తుంటే పిల్లలు నన్ను చూడటం మానేసి ఆయన్ని చూశారు. అందుకే వచ్చి నిలబడ్డారని నాకు రాత్రి పడుకునేటప్పుడు అర్థమైంది.

తర్వాత కొన్నాళ్లకు అశ్వవడివు. గుర్రంలా ముందు మోకాలు బాగా వంచి, వెనక కాలు పూర్తిగా చాచి ఒళ్లు నేలకు దించే భంగిమ. అందులో నా ఎడమ మోకాలు పట్టేసింది. సాయంత్రానికి బాగా వాచిపోయింది. ఇక వెనక్కి వెళ్లిపోవడమే అనుకుని, వరండాలో కూర్చుని ఫోన్లో టికెట్లు చూస్తున్నాను. గురుక్కళ్ గారు వేడి చేసిన మురివెణ్ణ, అంటే దెబ్బలకు రాసే మందు నూనె, గిన్నెలో పట్టుకుని వచ్చి, కింద కూర్చుని, నా పాదం తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు. గురువు నా కాలు పట్టుకోవడమేమిటని గబుక్కున వెనక్కి లాక్కున్నాను. ఆయన మళ్లీ తీసి పెట్టుకున్నారు. బొటనవేలితో మోకాలి చుట్టూ నొక్కి చూసి మలయాళంలో ఏదో అడిగారు. పక్కనున్న మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. ఇది ఇవాళ్టి నొప్పి కాదు, ఎన్నేళ్లుగా మోస్తున్నారు అని అడుగుతున్నారట.

ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఎండలో గ్రౌండు మీద నిలబడి, జోనల్ మీట్లకు పిల్లల్ని తిప్పి, ఎన్నికల డ్యూటీలు చేసి అరిగిన మోకాలు అది. ఎన్నేళ్ల నుంచి అని నన్ను ఎవరూ అడగలేదు. ముక్కూమొహం తెలియని మనిషి, నా భాష రాని మనిషి, వేలితో తాకి కనిపెట్టి అడిగారు. ఏడవొద్దని ఆయన అనలేదు. నూనె రాస్తూనే ఉన్నారు. తర్వాత ఆకులు వేసి గుడ్డతో కట్టు కట్టి, మెట్లు దిగకుండా రెండు రోజులు కూర్చోవాలని చెప్పి వెళ్లారు. అక్కడ కత్తి పట్టడం నేర్పేవాళ్లే ఎముకలు, మర్మాలు తెలిసిన వైద్యులు కూడా. ఒళ్లు ఎక్కడ దెబ్బతింటుందో తెలిసినవాళ్లకే దాన్ని బాగుచేయడమూ తెలుసు.

నన్ను ఇంటికి పంపలేదు. కట్టు ఉన్నన్నాళ్లూ పూత్తరకు ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టి వాయ్‌తారి నేర్పారు. పిల్లలు కదిలేటప్పుడు గురువు పలికే మాటల వరస అది. అమర్న్ను, చవిట్టి, తిరిఞ్ఞు అంటూ ఊపిరికి తగ్గట్టు లయగా చెప్పాలి. నువ్వు వచ్చింది నేర్పడానికి కదా, కాలు నడవకపోతే గొంతు నడుస్తుంది అన్నారు. నా వచ్చీరాని మలయాళం పలుకులకు ఆ చిన్నపిల్లలు ఒక్కరు కూడా నవ్వకుండా అడుగులు వేశారు. ఎక్కడ తొందరపడుతున్నానో ఆయన వెనక నుంచి చేత్తో తాళం వేసి చూపించేవారు. ఆ పాఠాలన్నీ తెలుగు లిపిలో నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇన్నేళ్లుగా విజిల్ ఊది పిల్లల్ని పరుగెత్తించడమే నాకు తెలుసు. వాళ్ల ఊపిరి చూసి మాట వేయడం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

వచ్చేటప్పుడు తమలపాకులో వక్క, కాసు, కింద కవరులో డబ్బు పెట్టి దక్షిణ ఇచ్చాను. ఆకు, వక్క, రూపాయి కాసు తీసుకుని కవరు నా చేతిలో పెట్టేశారు. దీంతో మీ అమ్మాయిలకు నువ్వుల నూనె కొనండి, ఒంటికి నూనె పట్టించకుండా కాలు ఎత్తనివ్వొద్దు అన్నారు. కర్రలు కూడా కావాలని అడిగాను. ఇప్పుడే వద్దట, ముందు పిల్లల ఒళ్లు వంగాలి, అప్పుడు ఫోన్ చెయ్యి, నేనే పంపుతాను అన్నారు.

బాధ కలిగించిన ఒక మాట కూడా చెప్పుకోవాలి. వానాకాలమే కలరికి అసలైన కాలం, ఆ చల్లదనంలోనే ఒళ్లు సులువుగా వంగుతుంది, నూనె మర్దనలూ అప్పుడే. మాకు సెలవులేమో ఎండాకాలంలో. సెలవు కింద కాకుండా డ్యూటీలో ఉన్నట్టే లెక్కించి ఆన్ డ్యూటీ ఇవ్వమని అర్జీ పెడితే పై ఆఫీసులో ఫైలు కదల్లేదు. చివరికి, ఇది మీ సబ్జెక్టుకు సంబంధించింది కాదు అన్నారు. వ్యాయామ ఉపాధ్యాయురాలితో ఆ మాట! 2020 చివర్లో కేంద్రమే కలరిపయట్టును ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో చేర్చింది, ఆ కాగితం కూడా జతచేశాను. సగం జీతం సెలవు పెట్టి వెళ్లాల్సి వచ్చింది. బడుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకంలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఉంది, కాదనను. కానీ అది 3 నెలలే. మూడు నెలల తర్వాత ఎవరు నేర్పుతారు అని గురుక్కళ్ గారు అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. స్కూల్లోనే ఉండే పీఈటీలకు నేర్పించండి, ఏడాదంతా మేం నేర్పుకుంటాం. ఈ ఒక్క మాట పెద్దలెవరైనా వినాలి.

మా ఆయన, అత్తయ్య ఇల్లు, పిల్లల్ని చూసుకున్నారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా గురుక్కళ్ గారి కోడలు. నాకు మర్దన చేసింది, రోజూ వేడి కంజి, అంటే అన్నం జావ, పెట్టింది ఆవిడే, పైనే రాయాల్సింది. అనువాదం చేసి చేసి అలసిపోయిన మనవరాలికి ముద్దులు. హైదరాబాదులో పనిచేసి వెళ్లిన పక్కింటి నర్సమ్మ, తెలుగులో పలకరించి నా టెన్షన్ సగం తగ్గించారు. షోరనూర్‌లో రైలు మారేటప్పుడు కుంటుతున్నానని బ్యాగులు మోసి, సీటు దాకా వచ్చిన కాలేజీ అబ్బాయి, పేరు అడిగేలోపే రైలు కదిలింది. బాబూ, చల్లగా ఉండు. నేను లేనన్నాళ్లూ గేమ్స్ పీరియడు ఖాళీగా పోనివ్వకుండా పిల్లల్ని గ్రౌండుకు తీసుకెళ్లిన మా లెక్కల సార్‌కు కూడా. సార్, సోమవారం నుంచి పీరియడ్ నేనే తీసుకుంటాను, నూనె డబ్బాలు మాత్రం స్టాఫ్‌రూమ్‌లో మీ బీరువా కింద పెట్టుకోనివ్వండి.