జైలు కాదండీ, గ్యారేజీలో సైకిల్ ఉంది చూడండి

సంపాదకుడు గారికి,

అమెరికాలో పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలది ఆరు నెలల జైలేనని ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నారు. కారు లేనిదే గుమ్మం దాటలేం, ఆ కారేమో మనం నడపలేం, పిల్లలు శని ఆదివారాలు తప్ప దొరకరు. మొదటిసారి వచ్చినప్పుడు నేనూ ఇదే పాట పాడాను. ఈసారి మా అల్లుడి గ్యారేజీలో అట్టపెట్టెల వెనక దుమ్ము పట్టిన సైకిల్ ఒకటి కనబడింది, అప్పట్నుంచి వారానికి నాలుగు రోజులు పొద్దున్నే నేను ఇంట్లో ఉండటం లేదు.

మేముండేది కాలిఫోర్నియాలో, శాన్ హోసేని ఆనుకున్న క్యాంప్‌బెల్ అనే చిన్న ఊళ్లో. ఇక్కడి పార్కు పక్కనే లాస్ గాటోస్ క్రీక్ పారుతుంది. క్రీక్ అంటే కంగారు పడకండి, మన వాగే, ఎండాకాలంలో కొన్నిచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. దాని గట్టు వెంట తారు వేసిన దారి ఉంది, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రమే. పెద్ద రోడ్లు అడ్డొచ్చిన చోట దారి వంతెన కిందనుంచి పోతుంది కాబట్టి సిగ్నళ్ల గొడవ పెద్దగా లేదు. పక్కనే హైవే 17 హోరు మాత్రం చాలాచోట్ల వినబడుతూనే ఉంటుంది, అదొక్కటే నాకు నచ్చనిది.

నేను కృష్ణా డెల్టా కాలువల మీద ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైన ఇరిగేషన్ వాణ్ణి. మొదట్లో లస్కర్లతో, అంటే కాలువలు కనిపెట్టుకునే సిబ్బందితో పాటు సైకిల్ మీదే కాలువ గట్లు తిరిగాను. అందుకే పార్కు దాటి కొంత దూరం పోయాక గట్టు పక్కన వరసగా చెరువులు కనబడేసరికి దిగి నిలబడిపోయాను. చేపల చెరువులా అంటే కాదు, తాగునీటి ట్యాంకులూ కాదు. తీరా కనుక్కుంటే అవి నీళ్లు భూమిలోకి ఇంకడానికే కట్టినవి, మన ఇంకుడు గుంతలే, కాకపోతే ఒక్కోటి ఎకరాల లెక్కన. ఒకప్పుడు ఈ లోయంతా పండ్లతోటలు. వాటికోసమూ ఊళ్లకోసమూ బోర్లు వేసి తోడీ తోడీ శాన్ హోసే మధ్యలో నేల సుమారు 13 అడుగులు కుంగిపోయింది! వాగుల మీద ఆనకట్టలు కట్టి, ఇలాంటి చెరువుల్లోకి నీళ్లు మళ్లించి, చాలక బయటి ప్రాంతాల నుంచి కూడా నీళ్లు తెచ్చుకుంటే 1970 నాటికి ఆ కుంగడం ఆగింది. సైకిల్ తొక్కుతూ ఇవన్నీ చూడొచ్చని ఎవరూ చెప్పలేదు నాకు, అందరూ గోల్డెన్ గేట్ చూశారా అనే అడుగుతారు.

వాగుకి ఎదురు పోతున్నాం కాబట్టి వెళ్లేటప్పుడు తెలిసీ తెలియని మిట్ట. కంటికి తెలియదు, మోకాళ్లకి తెలుస్తుంది. అలా పోతే వాసోనా చెరువు వస్తుంది, చుట్టూ పచ్చిక, గట్టు నిండా పెద్ద బాతులు, దారి నిండా అవి చేసిన నిర్వాకం. కారులో వస్తే పార్కింగ్ డబ్బులు కట్టాలి, సైకిల్‌కి అక్కర్లేదు. పక్క పార్కులో పిల్లల్ని ఎక్కించుకు తిరిగే బుల్లి రైలుంది, నడిపే రోజుల్లో ఆవిరి ఇంజను కూత చెరువు ఇవతలికి వినబడుతుంది. మా మనవడు దానికోసమే నా వెంట వస్తానంటాడు, సైకిల్ కోసం కాదు.

తర్వాత లాస్ గాటోస్ ఊరు. దారి ఇంకా పైకి, 1952లో కట్టిన లెక్సింగ్టన్ డ్యామ్ దాకా పోతుంది గానీ ఊరు దాటాక మట్టిదారి, చివర నిట్టనిలువుగా ఎక్కాలి. ఒక్కసారే వెళ్లాను, అదీ సైకిల్ తోసుకుంటూ. ఆ రిజర్వాయర్ కింద లెక్సింగ్టన్, ఆల్మా అని రెండు ఊళ్లు మునిగాయట. ముంపు ఊళ్లు మనకే అనుకున్నాను.

రోజువారీకి నేను లాస్ గాటోస్‌లోనే తిరుగుతాను. మెయిన్ స్ట్రీట్ వంతెన మీదుగా హైవే దాటి లాస్ గాటోస్ బులవార్డ్ పట్టుకుంటే, అదే రోడ్డు పోనుపోను బాస్కమ్ అవెన్యూ అవుతుంది, అక్కడ క్యాంప్‌బెల్ అవెన్యూలోకి ఎడమకి తిరిగితే మళ్లీ బయల్దేరిన పార్కే. మొత్తం చుట్టు పదిహేడు కిలోమీటర్లు అటూ ఇటూ, నాకు గంటన్నర. ఈ రోడ్డు ముక్క అందరికీ చెప్పను. కార్లు జోరుగా పోతాయి, పైగా ఇక్కడ కుడివైపు తొక్కాలి, ఎడమకి తిరగాలంటే మొదటి వారం నాకు ఒళ్లంతా టెన్షనే. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర దిగి, నడిచేవాళ్లతో పాటు సిగ్నల్ చూసుకుని దాటతాను, చూసేవాళ్లు ఏమనుకున్నా సరే. భయముంటే వచ్చిన గట్టు మీదే వెనక్కి రండి, తిరుగు దారి పల్లమే కదా.

ఇంకో సంగతి. వెనకనుంచి ఎవరైనా "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిస్తే ఎడమకి జరగకూడదు. మీ ఎడమ పక్కనుంచి నేను దాటుతున్నాను, మీరు కుడికే ఉండండి అని దానర్థం. ఇది తెలియక నేను సరిగ్గా ఎడమకే గెంతాను, ఆవిడెవరో గడ్డిలోకి పోయి ఆగింది. తిట్టలేదు పాపం.

ఎండాకాలంలో ఎనిమిది లోపే ముగించండి, ఆ చెరువుల దగ్గర నీడ తక్కువ. ఈ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లకి కొదవ లేదు, అయినా గట్టు మీద నా వయసు తెలుగువాళ్లు నడుస్తూ కనబడతారు గానీ సైకిల్ మీద ఒక్కరూ తగల్లేదు. హెల్మెట్ పెట్టుకోండి. అన్నిటికన్నా ముందు సీటు దించించుకోండి, మన అల్లుళ్లందరూ పొడుగే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు,
ప్రస్తుతం క్యాంప్‌బెల్, కాలిఫోర్నియా